బుడగల బాబాయి కుడిచెయ్యి

రేవులో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన బుడగల బాబాయే. లాంచీల కిందికి దిగి వాటి అడుగు బాగుందో లేదో చూసి చెప్పే గజ ఈతగాడు. ఇరవై ఏడేళ్లుగా అదే పని. దిగిన మనిషి జాడ ఒడ్డునున్నవాళ్లకు చెప్పేవి నీటి మీదికొచ్చే బుడగలే కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు కొందరు. కాదు, మాట్లాడమంటే మాటకీ మాటకీ మధ్య అంత ఎడం ఇస్తాడు కాబట్టి వచ్చిందంటాడు ఆయన బావమరిది. పెద్ద లాంచీ నడిపే సరంగు అతనే. ఆ నోటికి తాళం వేయగలిగినవాళ్లు ఆ రేవులో ఇంతవరకూ లేరు, అక్కతో సహా.

బాబాయి గొప్పంతా కుడిచేతిలో ఉంది. లాంచీ కింద నీళ్లు పచ్చగా, చిక్కగా ఉంటాయి. మూర దూరంలో ఏముందో తెలియదు. అక్కడ ఆయన కుడిచేతి తొడుగు విప్పేసి మూడు వేళ్లతో ఇనుమును తడుముకుంటూ పోతాడు. రేకు ఎక్కడ పలచబడిందో, ఏ మర వదులైందో, ఏ అతుకులో వెంట్రుకంత పగులుందో పైకొచ్చి చెబుతాడు. లాంచీని గట్టెక్కించి చూస్తే అచ్చం అక్కడే ఉండేది. అన్నీ బాగున్నాయనుకుంటే, గేదెను తట్టినట్టు ఇనుమును రెండుసార్లు తట్టి పైకొచ్చేవాడు. ‘గట్టిగా ఉంది’ అనేవాడు. పాత ఇంజనీరుకి ఆ ఒక్క మాట చాలు, సంతకం పడిపోయేది.

పోయినేడు వచ్చిన ఇంజనీరమ్మ మాత్రం సంతకానికి ముందు కలం మూతపెట్టి కూర్చుంది. “మీ చెయ్యి మీద నాకు అనుమానం లేదండీ. కానీ మీ చెయ్యిని ఫైల్లో పెట్టలేను కదా. వీడియో కావాలి” అంది.

బాబాయికి ఒళ్లు మండింది. కానీ బయటికి ఒక్క బుడగ కూడా రాలేదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక, “వీడియో అంట” అన్నాడు, అంతే. ఆ సాయంత్రమే కూతురు తన చిన్న కెమెరా బయటికి తీసింది. అరచేతిలో ఇమిడేది. దానికి సరిపోయే గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒకటి తెప్పించింది. పెట్టె మూత చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క వెంట్రుక పడినా, ఒక్క ఇసుక రేణువు నిలిచినా నీళ్లు లోపలికి దిగి కెమెరా గోవిందా. ప్రతిసారీ ఆ పిల్ల రింగును తీసి, దూదితో తుడిచి, వేలికొసతో చుక్క జిడ్డు రాసి, మళ్లీ పెట్టి, మూతేసి, బక్కెట్ నీళ్లలో ముంచి బుడగ వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేది. బాబాయి పక్కన నిలబడి, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పెళ్లికొడుకులా ఎటో చూస్తుండేవాడు.

కెమెరా వాడకం నేర్పింది కూడా ఆ పిల్లే. దూరం నుంచి తియ్యకు నాన్నా, జానెడు దూరానికి వెళ్లు. దీపాన్ని కెమెరా పక్కనే పెట్టకు, పక్కకి చాపు, లేకపోతే నీళ్లలో తేలే మట్టంతా పిండి చల్లినట్టు మెరుస్తుంది. చెయ్యి కదపకు, అయిదు అంకెలు లెక్కపెట్టుకో. ఆయన వినీ విననట్టు విన్నాడు గానీ అన్నీ బుర్రకెక్కించుకున్నాడు. చివరికి తనదైన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. ముందు కెమెరాతో తీసేవాడు, అది ఆఫీసు కోసం. తర్వాత బొత్తాం నొక్కి ఆపేసి, కెమెరాని ఛాతీ మీదున్న కొక్కేనికి తగిలించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని వేళ్లతో చూసేవాడు. అది తన కోసం.

ఇదంతా రేవులో అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఒకటుంది. రెండేళ్లుగా ఆ మూడు వేళ్లకీ స్పర్శ లేదు.

రెండేళ్ల కిందట ఇరవై నిలువుల లోతులో పని చేస్తుంటే ఆయన గాలి గొట్టం లంగరు గొలుసులో ఇరుక్కుంది. ఎలాగో విడిపించుకుని, రావలసినదానికన్నా వేగంగా పైకొచ్చాడు. అంత లోతు నుంచి ఆగి ఆగి రాకపోతే ఒంట్లో గాలి బుడగలు కట్టి నరాలు దెబ్బతింటాయి. రెండు రోజులు కీళ్లన్నీ సలిపాయి. మూడోరోజు నొప్పి పోయింది, పోతూ పోతూ వేలికొసల్లో ఉన్నదంతా పట్టుకుపోయింది. మొదట్లో ఆయనే నమ్మలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు పట్టేది. పొగలు కక్కే టీ గ్లాసుని మిగతా అందరూ కొనచేత్తో, ఊదుకుంటూ పట్టుకుంటే ఆయన మూడు వేళ్లతో గట్టిగా పట్టుకు తాగేవాడు. “అదీ చెయ్యంటే” అని బావమరిది నలుగురిలో మెచ్చుకునేవాడు. బాబాయి ఆ మెచ్చుకోలును టీతోపాటు మింగేసేవాడు.

ఏటా ఈతగాళ్లకి వైద్యపరీక్ష ఉంటుంది. డాక్టరు కళ్లు మూసుకోమని, వేళ్లమీద సూదితో తాకి ‘తెలిస్తే చెప్పు’ అంటాడు. బాబాయి రెప్పల సందులోంచి సూదిని చూసి, సరిగ్గా అది తగిలిన క్షణాన ‘ఆ’ అన్నాడు. రెండేళ్లూ అలాగే గట్టెక్కాడు. అది తప్పని ఆయనకి తెలియక కాదు. పరీక్ష తప్పితే దిగడానికిచ్చే కార్డు పోతుంది, ఆ కార్డు పోతే నీళ్లలోకి దిగనివ్వరు, నీళ్లు తప్ప ఆయనకి ఇంకో లోకం తెలియదు. గోరు అంచుతో, అరచేతి అడుగుతో, ఇరవై ఏడేళ్ల అలవాటుతో నెట్టుకొస్తున్నాడు. ఇంకా కాస్త తెలుస్తోందిలే అని తనకి తనే చెప్పుకునేవాడు. పైన ఆయన తాడు పట్టుకుని నిలబడే కూతురికి కూడా ఆ సంగతి తెలియదు. ఆ పిల్లకీ దిగే కార్డు ఉంది, పరీక్ష పాసై రెండేళ్లయింది. కానీ లాంచీ కిందికి మాత్రం ఆయన ఒక్కసారీ దిగనివ్వలేదు. నేనుండగా నీకెందుకు అనేవాడు.

ఇక ఆ రోజు సంగతి.

మూడు రోజుల ముందు పెద్ద లాంచీ అవతలి దీవి నుంచి వస్తుండగా నీళ్లలో తేలుతున్న దుంగ ఒకటి అడుగున తగిలింది. దడాలున మోగిందన్నాడు సరంగు. లాంచీని ఆపేశారు. ఆ సాయంత్రమే ఈదురుగాలి మొదలై, మూడు రోజులూ కిందికి దిగి చూసే వీలూ లేకపోయింది, చిన్న లాంచీని పంపే వీలూ లేకపోయింది. దీవిలో పనిచేసే నర్సులూ టీచర్లూ ఇవతల, ఇక్కడి ఆసుపత్రికి రావలసినవాళ్లు అవతల, మూడు రోజులుగా పడిగాపులు. బాబాయి దిగి చూసి, వీడియో తెచ్చి, ఇంజనీరమ్మ సంతకం పెడితే ఒంటిగంటకి లాంచీ కదులుతుంది. పదకొండుకే టికెట్టు గది ముందు నూట అరవై మంది వరసకట్టారు.

“బావా, నువ్వు కాస్త తొందరగా తట్టేసి రా. జనం నన్ను చూసే చూపులకి నాకు అన్నం సయించట్లేదు” అన్నాడు సరంగు.

“నీకు సయించకపోతే మా అత్త బతికిపోతుంది మావయ్యా” అంది కూతురు, రబ్బరు రింగు తుడుస్తూ. పలక మీద సుద్దతో తేదీ, లాంచీ నంబరు రాసి, కెమెరా ముందు పట్టుకుని రెండు క్షణాలు తీసింది, ఆపింది. పెట్టెను తండ్రి ఎడంచేతి మణికట్టుకి తగిలించింది. తాడు ముడి రెండుసార్లు లాగి చూసింది. “ఒకసారి లాగితే బాగున్నట్టు, రెండుసార్లు లాగితే తాడు వదలాలి, ఆపకుండా లాగితే నేను నిన్ను లాగేస్తాను” అంది. ప్రతిసారీ చెబుతుంది. ప్రతిసారీ ఆయన తల ఊపుతాడు.

దిగాడు. మూడు రోజుల గాలికి బురదంతా లేచి నీళ్లు ఇంకా చిక్కగా ఉన్నాయి. లాంచీ అడుగు నెత్తి మీద నల్లటి చూరులా కనపడింది. ముందు నీళ్లు తోసే పంఖా దగ్గరికి వెళ్లాడు. దీపం పక్కకి చాపి, కెమెరాని జానెడు దూరంలో పెట్టి, పెట్టె మీది బొత్తాం నొక్కాడు. నొక్కాననుకున్నాడు. నొక్కితే వేలికి టిక్కుమని తగలాలి, అది తగిలే వేలు ఆయనకి లేదు. రికార్డవుతుంటే తెర మూలన ఎర్రచుక్క వెలుగుతుంది. ఆవగింజంత చుక్క, యాభై రెండేళ్ల చత్వారపు కళ్లు, ముఖానికి అద్దం, మధ్యలో బురద. అయిదు అంకెలు లెక్కపెట్టాడు. ఈసారి అరచేత్తో గట్టిగా ఒత్తి ఆపాడు. కెమెరాని ఛాతీకి తగిలించి, దాని నుంచి పక్కకి చాచిన చువ్వకి దీపం బిగించి, తొడుగు విప్పి, వేళ్లతో పంఖా రెక్కలు తడిమాడు. తర్వాత లాంచీ పొడుగునా సాగే అడుగు వెన్ను దగ్గర అదే తంతు. అన్నిటికన్నా చివర చుక్కాని.

చుక్కాని అంటే లాంచీ మెడలాంటిది. అది తిరిగితేనే లాంచీ తిరుగుతుంది. దాన్ని లాంచీకి పట్టి ఉంచే ఇనుప చెవి ఒకటి పైన ఉంటుంది. ఆ చెవి అతుకు ఊడితే నడి నీళ్లలో లాంచీ ఎటు పోవాలో దానికే తెలియదు. అవతలి ఒడ్డు ముందు రాళ్ల వరస ఉంది, అక్కడ మెలిక తిప్పకపోతే నేరుగా రాళ్లమీదికే. బాబాయికి ఇవన్నీ తెలుసు. అందుకే అక్కడ మూడుసార్లు తడిమాడు. కళ్లకి మసక తప్ప ఏమీ ఆనలేదు, వేళ్లకి నున్నగానే ఉన్నట్టనిపించింది. రెండుసార్లు తట్టి, తాడుని ఒకసారి లాగి, పైకొచ్చాడు.

నిచ్చెన ఎక్కుతుండగానే కూతురు కెమెరా అందుకుంది. “ఆపలేదేంటి నాన్నా, ఇంకా తిరుగుతోంది” అంది.

“మర్చిపోయుంటా.”

“వేలు తెగింది.”

చూసుకున్నాడు. చూపుడువేలి కొస అడ్డంగా చీలి రక్తం నీళ్లతో కలిసి మోచేతి దాకా కారుతోంది. “గుల్లలు అంటుకుని ఉన్నాయి కింద. కోసుకునుంటాయి” అన్నాడు. గుడ్డ చుట్టుకుని ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లి, “గట్టిగా ఉందమ్మా” అన్నాడు. ఆవిడ గడియారం చూసింది, పన్నెండు దాటింది. “వీడియో ఎక్కించి పిలవండి, చూసి సంతకం పెట్టేస్తాను” అంది. బయట సరంగు అప్పుడే జనాన్ని వరసలో ముందుకి జరుపుతున్నాడు.

టికెట్టు గది వెనక చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి వేలాడే ప్రాణరక్షక చొక్కాలు. కూతురు పెట్టెను మంచినీళ్లలో కడిగి, తుడిచి, చుక్క లోపల పడకుండా బోర్లించి మూత తీసింది. కెమెరా చిప్పును కంప్యూటర్లో పెట్టింది. మొదట పలక కనపడింది. తర్వాత పంఖా కనపడాలి.

కనపడలేదు. దాని బదులు బాబాయి సొంత చేతులు కనపడ్డాయి. తొడుగు విప్పుకుంటున్నాయి. పంఖా రెక్క మీద వేళ్లు పాకుతున్నాయి.

“నాన్నా, నువ్వు తిరగేసి తీశావు” అని పకపకా నవ్వింది కూతురు. “మొదటిసారి బొత్తాం దిగలేదు. నువ్వు తీస్తున్నప్పుడు ఇది ఊరుకుంది, నువ్వు ఆపానన్నప్పుడు మొదలెట్టింది. ఆఫీసు కోసం తీసినదంతా పోయింది, నీ కోసం చూసుకున్నదంతా వచ్చింది. పప్పులో కాలేశావు పో.” ఆయన కూడా నవ్వబోయాడు. మళ్లీ దిగాలి, ఇంకో గంట, అంతేగా అనుకున్నాడు.

ఆ పిల్ల చివరి వీడియో పెట్టింది. చుక్కాని. ఛాతీ మీది కెమెరా, పక్కకి చాచిన చువ్వ మీద దీపం. ఇనుప చెవి అతుకు పట్టపగలు చూసినట్టు కనపడుతోంది. దాని మీద అడ్డంగా బెత్తెడు పొడవున పగులు. ఒక అంచు కత్తిలా పైకి లేచి ఉంది.

కూతురి నవ్వు ఆగిపోయింది.

తెర మీద కుడివైపు నుంచి మూడు వేళ్లు వచ్చాయి. పగులు మీదుగా నెమ్మదిగా, శ్రద్ధగా, అటు వెళ్లాయి. ఇటు వచ్చాయి. మళ్లీ వెళ్లాయి. మూడోసారి చూపుడువేలు లేచిన అంచుకి చిక్కుకుని ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు చెయ్యి వెనక్కి తీస్తాడు అనుకుంది కూతురు. కానీ ఏదో నాచు అడ్డుపడితే విదిలించుకున్నట్టు చెయ్యి ముందుకే కదిలింది. దీపం వెలుగులో వేలికొస నుంచి సన్నటి ఎర్రటి దారం ఒకటి నీళ్లలోకి సాగింది. ఆ రక్తపు చెయ్యే తిరిగొచ్చి పగులు పక్కన ఇనుముని రెండుసార్లు తట్టింది.

తన చెయ్యిని తను బయట నుంచి చూడటం బాబాయికి అదే మొదలు. ఆ చెయ్యి ఎవరిదో అయితే, ఆ మనిషిని లాంచీ దరిదాపులకి కూడా రానిచ్చేవాడు కాదు.

“నీకు తెలియలేదా నాన్నా?”

ఆయన గుడ్డ చుట్టిన వేలు చూసుకుంటూ ఉండిపోయాడు.

“ఎన్నాళ్లనుంచి?”

“రెండేళ్లు.”

ఆ పిల్ల లేచి తలుపు గడియ పెట్టొచ్చింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, గబగబా, తండ్రిని కాపాడే కూతురు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. “చెయ్యి రావడానికి ముందు నాలుగు సెకన్లు పగులొక్కటే కనపడుతుంది. ఆ ముక్క వరకే కత్తిరిస్తాను. ఆవిడకి అదే చూపిద్దాం. లాంచీ ఆగిపోతుంది, అందరూ బాగుంటారు. నీ సంగతి ఇంట్లో చూసుకుందాం.”

ఆయన తల ఊపాడు. ఊపకుండా ఎలా ఉంటాడు చెప్పండి. ఇరవై ఏడేళ్ల పని ఒకవైపు, నాలుగు సెకన్లు ఒకవైపు.

ఇంజనీరమ్మ ఆ నాలుగు సెకన్లూ రెండుసార్లు చూసింది. “మీరు గట్టిగా ఉందన్నారే” అంది.

“నీళ్లు బురదగా ఉన్నాయమ్మా” అన్నాడు బాబాయి. “వీడియోలో చూశాకే తెలిసింది.”

“అందుకేనండీ నేను వీడియో వీడియో అని ప్రాణం తీసేది. ఎంత పని జరిగేది” అంది ఆవిడ. అనుమానపడలేదు సరికదా, ఆ గొంతులో మెచ్చుకోలు కూడా ఉంది. బయటికెళ్లి, పెద్ద లాంచీ కదలదని చెప్పింది. జనంలోంచి ఒక్కసారిగా మూలుగు లేచింది. సరంగు తల పట్టుకున్నాడు గానీ సంగతి విని కిమ్మనలేదు. రాళ్ల దగ్గర మెలిక తిప్పేది అతని చేతులే కదా.

గదిలో బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. అయిపోయింది, గట్టెక్కాను అనుకున్నాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇంజనీరమ్మ ఫైలు తిరగేస్తూ తిరిగొచ్చింది. “ఒక పని చేద్దాం. గాలి తగ్గింది కాబట్టి చిన్న లాంచీని మూడు ట్రిప్పులు పంపుదాం. దాన్ని పోయిన నెల మీరే చూశారు. మీ కెమెరా పెట్టెలోకి నీళ్లు దిగుతున్నాయంటే, సరేలే అని మీ చెయ్యి మీదే సంతకం పెట్టాను. ఇదిగో, ఇక్కడ రాసుకున్నాను.”

“మా బావ చెయ్యి పడిందంటే ఇంకేం చూడక్కర్లేదండీ” అన్నాడు గుమ్మంలోంచి సరంగు, ప్రాణం లేచొచ్చినట్టు. వెనక్కి తిరిగి జనాన్ని కేకేశాడు. “ముందు డెబ్భై మంది చిన్న లాంచీ వైపు పదండి. ముసలివాళ్లని ముందుకి పంపండి.”

కిటికీలోంచి అంతా కనపడుతోంది. చంకలో ఫైలు పెట్టుకున్న టీచరు, చంటిపిల్లను భుజాన వేసుకున్న తల్లి, తెల్లబట్టల్లో ఇద్దరు నర్సులు. చెక్క వంతెన మీద వాళ్ల చెప్పుల చప్పుడు. బాబాయికి పోయిన నెల గుర్తొచ్చింది. చిన్న లాంచీ చుక్కాని చెవిని మూడుసార్లు తడిమాడు. నున్నగా ఉన్నట్టనిపించింది. రెండుసార్లు తట్టాడు. ఇందాక పెద్ద లాంచీ దగ్గరా సరిగ్గా అలాగే అనిపించింది.

కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది, వద్దు నాన్నా అన్నట్టు. ఆ పిల్ల కూడా అదే ఆలోచిస్తోందని, ఆలోచించి కూడా వద్దంటోందని ఆయనకి అర్థమైంది. అది చూశాకే ఆయన లేచాడు.

“పంపకండి” అన్నాడు.

“ఏం?”

బయట ఎవరో ఎక్కుతూ నవ్వుతున్నారు. బాబాయి జేబులోంచి కుడిచెయ్యి తీసి, ఫైలు మీద, బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టాడు. కాగితాలకి గుచ్చి ఉన్న గుండుసూదిని ఎడంచేత్తో లాగి ఆవిడ ముందుకి తోశాడు.

“వేళ్లకి గుచ్చండమ్మా. నేను కళ్లు మూసుకుంటాను. తెలిసినప్పుడు చెబుతాను.”

“ఇదేంటండీ?”

“గుచ్చండి. వాళ్లు ఎక్కుతున్నారు.”

కళ్లు మూసుకున్నాడు. ఈసారి రెప్పల మధ్య సందు లేదు. చీకట్లో కూర్చుని ఎదురుచూశాడు. బావమరిది కేకలు వినపడుతున్నాయి, ఇంకో పది మంది, జరగండి, జరగండి. గోడ మీద గడియారం చప్పుడు వినపడుతోంది. ఆవిడ మొహమాటపడుతున్నట్టుంది అనుకున్నాడు. ఆయనకి కోపం కూడా వచ్చింది.

“కానివ్వండమ్మా. ఇంకా ఎంతసేపు?”

కళ్లు తెరిచాడు. సూది మధ్యవేల్లో దిగి నిటారుగా నిలబడి ఉంది. పక్కన ఉంగరపు వేలి మీద రెండు రక్తపు చుక్కలు ఉన్నాయి, అప్పటికే గుచ్చి తీసినవి. ఇంజనీరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురు గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

“రెండేళ్లుగా ఇంతే” అన్నాడు బాబాయి. “ఈ చేత్తో బాగుందన్నవన్నీ మళ్లీ చూడాలి. ముందు అది.” కిటికీ వైపు చూపించాడు.

ఇంజనీరమ్మ పరుగెత్తింది. ఎక్కినవాళ్లని దించారు. జనం తిట్లు లంకించుకున్నారు. పాపం, వాళ్ల కోపం వాళ్లది. సరంగు లోపలికొచ్చి ఏదో జోకు వెయ్యబోయి, బల్ల మీద చెయ్యి చూసి, నోరు మూసుకున్నాడు. అతను నోరు మూసుకున్న సంగతి తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు.

“ఎవరైనా దిగాలి. మీరు మాత్రం కాదు” అంది ఇంజనీరమ్మ. ఆవిడ గొంతు కటువుగానే ఉంది, ఉండాలి కూడా. అబద్ధపు పరీక్ష సంగతి కూడా ఆయనే చెప్పేశాడు మరి.

“నేను దిగుతాను” అంది కూతురు.

నేనుండగా నీకెందుకు అన్న మాట బాబాయి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంజనీరమ్మ కార్డు అడిగింది, తేదీ చూసింది, తల ఊపింది. ఆ పిల్ల రబ్బరు రింగు తుడిచి, జిడ్డు రాసి, మూతేసి, బక్కెట్లో ముంచింది. ఒక్కటీ వదల్లేదు. ముడి మాత్రం బాబాయి ఎడంచేత్తో, పళ్లతో బిగించాడు.

“ఒకసారి లాగితే బాగున్నట్టు” అని మొదలెట్టాడు.

“తెలుసు నాన్నా.”

“అయినా విను” అన్నాడు. మొత్తం చెప్పాడు.

ఆ పిల్ల మునిగింది. తాడుని ఎడంచేతి మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకుని బాబాయి గట్టు అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. నీళ్ల మీద బుడగలు లేచాయి. ఇరవై ఏడేళ్లలో ఆయన వాటిని పైనుంచి చూడటం అదే మొదలు. బుడగలు లాంచీ కిందికి వెళ్లాయి, కనపడకుండా పోయాయి. ఇంతసేపు పైవాళ్లు ఇలా ఎలా భరిస్తారు అనిపించింది. తన కూతురు ఇన్నేళ్లు ఎలా భరించింది. తాడు చల్లగా, కదలకుండా ఉంది. అయిదు నిమిషాలు. పది. వెనక డెబ్భై మంది మెడలు చాచి నీళ్లనే చూస్తున్నారు. పద్నాలుగో నిమిషాన తాడు ఒకసారి కదిలింది. బాగున్నట్టు. అయినా ఆయన ఊపిరి వదల్లేదు.

పద్దెనిమిదో నిమిషాన బుడగలు నిచ్చెన దగ్గర లేచాయి. తల పైకొచ్చింది. నోట్లోంచి గాలి గొట్టం తీసి, రొప్పుతూ, నవ్వు ముఖంతో అంది. “గట్టిగానే ఉంది నాన్నా. నువ్వు చెప్పినట్టే.”

జనం హమ్మయ్య అన్నారు. సరంగు అప్పుడే వంతెన మీదికి ఒక కాలు వేశాడు. ఇంజనీరమ్మ కలం మూత తీసింది. అందరూ బాబాయి ముఖం చూశారు. రెండేళ్లుగా స్పర్శ లేని ఆ చెయ్యి చిన్న లాంచీ విషయంలో తప్పు చెప్పలేదు. ఈ మాట గంట ముందే తెలిసుంటే, ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని ఇంటికెళ్లిపోయేవాడు. కార్డు ఉండేది.

బాబాయి కూతుర్ని నిచ్చెన మీదినుంచి ఎడంచేత్తో పైకి లాగాడు. తడి జుట్టు నుదుటి మీంచి తోశాడు. తర్వాత కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

“వీడియో చూపించు” అన్నాడు.

“నమ్మవా నాన్నా?”

“చూపించు.”

గట్టు మీదే కూర్చుని, చిన్న తెరని చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చూశాడు. పంఖా, అడుగు వెన్ను, చుక్కాని. జనం గొణిగారు. సరంగు గడియారం చూపించాడు. ఆయన తల ఎత్తలేదు. చుక్కాని చెవి దగ్గర వెనక్కి తిప్పించి ఇంకోసారి చూశాడు. అతుకు ఒక్క గీత లేకుండా ఉంది. చివర్లో తెర మీదికి ఆ పిల్ల చెయ్యి వచ్చింది, ఇనుముని రెండుసార్లు తట్టింది.

బాబాయి కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత ఇంజనీరమ్మ వైపు తిరిగి, “పంపండమ్మా” అన్నాడు. ముందు ముసలివాళ్లు ఎక్కారు, వాళ్ల వెనక చంటిపిల్ల తల్లి. లాంచీ కదిలి రాళ్ల దగ్గర మెలిక తిరిగేదాకా ఆయన గట్టు మీదే కూర్చున్నాడు. ఎడంచేతికి చుట్టిన తాడు విప్పడం మర్చిపోయాడు. దాని రెండో కొస ఇంకా కూతురి నడుముకే ఉంది.